పాత డెస్క్‌టాప్‌లో బయాస్ సెట్టింగులు: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

నాది కోర్ 2 డ్యుయో కాలం నాటి డెస్క్‌టాప్. హార్డ్ డిస్క్ పీకేసి ఎస్‌ఎస్‌డీ పెట్టాక ఇప్పటికీ రోజువారీ పనికి ఢోకా లేదు. ఇన్నేళ్లలో దీన్ని నిలబెట్టింది మాత్రం, ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కితే వచ్చే బయాస్ (విండోస్ కంటే ముందే బోర్డును సిద్ధం చేసే ప్రోగ్రామ్) నీలం తెర. మౌస్ కదలదు, బాణం కీలతో తిరగాలి, పేజ్ అప్, పేజ్ డౌన్‌తో విలువ మార్చాలి. పక్కన ఇచ్చే వివరణ చదివినా ఒకటే, చదవకపోయినా ఒకటే.

అసలు సరుకంతా ఇంటిగ్రేటెడ్ పెరిఫెరల్స్ (బోర్డులోనే ఉన్న సౌండ్, లాన్ వంటివాటి సెట్టింగులు) పేజీలో ఉంటుంది. డ్రైవర్ల (పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) మీద తోసేసే తలనొప్పుల్లో చాలావాటికి మందు అక్కడే దొరికింది. ఉదాహరణకు నా క్యాబినెట్ ముందువైపు హెడ్‌ఫోన్ జాక్. వెనక జాక్‌లో పాట బ్రహ్మాండంగా వస్తుంది, ముందు పెడితే నిశ్శబ్దం. సౌండ్ డ్రైవర్ ఎన్నిసార్లు వేసినా అంతే. క్యాబినెట్ లోపలి వైరు తీసి చూస్తే దాని కనెక్టర్ మీద ఏసీ97 (పాత ఆడియో పద్ధతి) అని ఉంది. బయాస్‌లో ఫ్రంట్ ప్యానెల్ రకం హెచ్‌డీ ఆడియో అని ఉంది. హెచ్‌డీ పద్ధతిలో జాక్ పెట్టిన సంగతి బోర్డుకు తెలియాలి, పాత వైరులో ఆ కబురు మోసే తీగే లేదు. ఏసీ97కి మార్చగానే మోగింది. కాకపోతే హెడ్‌ఫోన్ పెడితే స్పీకర్లు వాటంతట అవే ఆగవు. నాకది పెద్ద ఇబ్బంది కాదు.

డిస్క్‌తో బోర్డు ఏ పద్ధతిలో మాట్లాడాలో చెప్పే సాటా మోడ్ దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. పాత ఐడీఈ పద్ధతిలో ఉన్నదాన్ని కొత్త ఏహెచ్‌సీఐకి మారిస్తే ఎస్‌ఎస్‌డీ చురుకుదనం కాస్త పెరుగుతుంది, కానీ విండోస్ 7 అప్పటికే ఐడీఈలో ఎక్కించి ఉంటే 0ఎక్స్7బీ అనే కోడ్‌తో బ్లూ స్క్రీన్ (విండోస్ ఆగిపోయి చూపే ఎర్రర్ తెర) వస్తుంది. ముందు రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) ఎంఎస్‌ఏహెచ్‌సీఐ (msahci) సర్వీసు కింద స్టార్ట్ విలువను 0 చేసి, ఆ తర్వాతే బయాస్‌లో మార్చాలి. ఎక్స్‌పీ సీడీలో ఏహెచ్‌సీఐ డ్రైవరే ఉండదు, దాన్ని ఐడీఈలోనే వదిలేయడం మేలు. మామూలు ఐసీహెచ్7 అనే ఇంటెల్ చిప్ ఉన్న బోర్డుల్లోనైతే ఈ ఆప్షనే కనిపించదు.

సీరియల్, ప్యారలల్ పోర్టులు ఆపేస్తే స్పీడు పెరుగుతుందని చాలామంది చెబుతారు. నాకు ఇసుమంత తేడా కూడా తెలియలేదు. లాన్ బూట్ రోమ్ (నెట్‌వర్క్ నుంచి బూట్ చేసే ఏర్పాటు) ఆపేస్తే మాత్రం ఆన్ చేసినప్పుడు వృథాగా ఆగే సమయం తగ్గింది. ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్‌కు ర్యామ్ ఎక్కువ కేటాయించినా గేములు పరుగెత్తవు, ఉన్న ర్యామ్‌లో కోత పడుతుందంతే. సస్పెండ్ మోడ్ ఎస్1లో ఉంటే నిద్రలోనూ ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, ఎస్3 పెట్టాక గదిలో ప్రశాంతత. ఇంకొకటి, యూఎస్‌బీ కీబోర్డ్ సపోర్ట్ ఆఫ్‌లో ఉంటే బూట్ మెనూలో కీబోర్డ్ పలకదు, విండోస్ వచ్చాక మామూలుగా పనిచేస్తుంది. కీబోర్డే పోయిందని కొత్తది కొనేసేవాళ్లూ ఉన్నారు.

ఇక పెద్ద ఫిర్యాదు. ఇవన్నీ గుర్తుండేది 3 వోల్టుల సీఆర్2032 బిళ్ల బ్యాటరీ దయ వల్ల. అది నీరసిస్తే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది, బ్రౌజర్ ప్రతి సైటుకూ సర్టిఫికెట్ చెల్లదంటూ గోల పెడుతుంది. సాటా మోడ్ మళ్లీ ఐడీఈకి పడిపోయి, నిన్నటిదాకా బాగున్న విండోస్ బ్లూ స్క్రీన్ చూపించొచ్చు. డిస్క్ పోయిందని కంగారుపడి ఫార్మాట్ కొట్టకండి, ముందు గడియారం చూడండి. సెట్టింగులను ఫైలుగా దాచుకునే వీలు నా బోర్డులో లేదు, అందుకే ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకున్నాను. బ్యాటరీ మార్చాక అవి చూస్తూ ఐదు నిమిషాల్లో అన్నీ తిరిగి పెట్టేయొచ్చు.

2 టెరాబైట్లు దాటిన డిస్క్‌ను పూర్తిగా వాడుకుంటూ దాని నుంచి విండోస్ బూట్ చేయడం ఇందులో కుదరదు. జీపీటీగా (పెద్ద డిస్కులకు పనికొచ్చే విభజన పద్ధతి) మార్చి డేటాకు వాడుకుంటే విండోస్ 7 బాగానే చదువుతోంది.