పెయింట్ మీటర్ రెండేళ్లు వాడాక: ఏది చెబుతుంది, ఏది చెప్పదు

కారు పెయింట్ మందం కొలిచే మీటర్ కొని రెండేళ్లు దాటింది. ఆన్‌లైన్‌లో మూడు వేల లోపు దొరికే చిన్న రకమే, సన్న పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. సరదాకి కొన్నది కాదు. కొత్త బండి, సిల్వర్ గ్రే, ఇంటికొచ్చిన కొన్ని రోజులకే కుడివైపు వెనక డోర్ మిగతా బండితో కలవడం లేదనిపించింది. పగలు ఏమీ తెలియదు. రాత్రి తిరుచానూరు రోడ్డులో లైట్ల కింద ఆపితే మాత్రం ఆ ఒక్క డోరే కాస్త ముదురుగా కనిపించేది. షోరూమ్‌లో అడిగితే "రిఫ్లెక్షన్ సార్, మెటాలిక్ కలర్ కదా" అన్నారు. మెటాలిక్ రంగు చూసే కోణాన్ని బట్టి మారే మాట నిజమే, దాన్ని కాదనలేం, అందుకే మాటలతో పని లేకుండా అంకె చూపిద్దామని మీటర్ తెప్పించా.

వాడటం కష్టమేం కాదు. మొన ప్యానెల్ మీద నిటారుగా ఆనిస్తే మైక్రాన్లలో అంకె వస్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. అడుగున ఈడీ కోట్ (తుప్పు పట్టకుండా రేకుకి వేసే మొదటి పూత), ప్రైమర్, రంగు, పైన క్లియర్ కోట్, అన్నీ కలిపి ఫ్యాక్టరీ పెయింట్ చాలా కార్లకు 80 నుంచి 150 మధ్యలో ఉంటుంది. దాని మీద ఇంకోసారి కొట్టి ఉంటే 200, 300 చూపిస్తుంది. లప్పం పెట్టి ఉంటే 500 దాటుతుంది, ఒక్కోసారి వెయ్యి కూడా. ముందు రూఫ్ మీద కొలవండి, టింకరింగ్ చేసేవాళ్ల చెయ్యి అక్కడిదాకా పోవడం తక్కువ, కాబట్టి ఆ బండికి అసలు మందం ఎంతో రూఫ్ చెబుతుంది. ఆ తర్వాత ఎడమ డోర్, కుడి డోర్, ఎడమ ఫెండర్, కుడి ఫెండర్, ఇలా జతలుగా చూస్తూ పోవాలి.

నా బండికి రూఫ్ 110 చుట్టుపక్కల, మిగతా డోర్లూ అంతే. ఆ డోర్ మాత్రం పైనుంచి కిందదాకా 220, 230.

అంకె పెద్దగా వచ్చిందని అక్కడికక్కడే గొడవకి దిగకూడదు, ఈ మీటర్ కొన్నవాళ్లకి నేను మొదట చెప్పేది అదే. ఫ్యాక్టరీలోనే ఏదైనా లోపం కనిపిస్తే లైన్ మీదే మళ్లీ పెయింట్ వేసి పంపుతారు, అది యాక్సిడెంట్ కాదు, మోసమూ కాదు. తేడా తెలియాలంటే డోర్ తెరిచి లోపలి అంచులు చూడాలి. బయట వేసిన పెయింట్ అయితే టేప్ అంటించిన గీత వేలికి సన్నగా తగులుతుంది, రబ్బరు బీడింగ్ మీద స్ప్రే తుంపర ఉంటుంది, బోల్టు తలల మీద రంగు పగిలి ఉంటుంది. నా డోర్‌కి లోపల 90, బయట 230, మధ్యలో బీడింగ్ పొడవునా టేప్ గీత. ఫోటోలు తీసి పెడితే అప్పుడు "రవాణాలో గీత పడింది సార్, యార్డులో సరిచేశాం" అని ఒప్పుకున్నారు. ఆ ముక్క మొదటే చెప్పి ఉంటే నాకు మూడు వేలు మిగిలేవి. చివరికి ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇచ్చారు, తీసుకున్నా.

అప్పటినుంచి చుట్టాల్లో ఎవరు బండి చూసినా "అన్నా, ఆ మీటర్ తీసుకుని రా" అని ఫోన్. చిత్తూరులో బావమరిది ఒక సెకండ్ హ్యాండ్ కారు బేరం చేశాడు, మూడేళ్ల బండి, బయటికి అద్దంలా ఉంది, వెనక చక్రం పైన పెడితే 900 చిల్లర. అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చేశాం.

మీటర్‌కి తెలియనివీ చాలా ఉన్నాయి. బంపర్ ప్లాస్టిక్, అక్కడ రీడింగ్ రాదు. బంపర్‌కీ ఫెండర్‌కీ షేడ్ కలవలేదని కొత్త బండివాళ్లు టెన్షన్ పడుతుంటారు, ప్లాస్టిక్ భాగాలను చాలావరకు విడిగా, తక్కువ వేడిలో పెయింట్ చేస్తారు కాబట్టి సిల్వర్, పెర్ల్ రంగుల్లో ఆ కాస్త తేడా మామూలే. బానెట్ మీద కమలా తొక్కలాంటి గరుకు కనిపిస్తే అదీ ఫ్యాక్టరీదే కావచ్చు, బండంతా ఒకేలా ఉంటే వదిలేయండి, ఒక్క ప్యానెల్‌కే ఉంటే అనుమానించండి. సొట్టలు దీనికి అసలు పట్టవు. వాటికి ట్యూబ్‌లైట్ చాలు: రాత్రి షెడ్డులో బండి పెట్టి, లైటు గీత ప్యానెల్ మీద ఎక్కడ వంకర తిరుగుతుందో పక్కనుంచి కిందికి వంగి చూడండి. పెయింట్ పగలని సొట్టను పెయింట్ వేయకుండానే వెనకనుంచి తోసి సరిచేసేవాళ్లు ఉన్నారు, లప్పం దాకా పోనక్కర్లేదు.

మన వైపు ఇంకో రెండు గోలలు. ఒకటి బోరు నీళ్లు. ఎండలో కడిగి తుడవకుండా వదిలేస్తే ఉప్పు మరకలు క్లియర్ కోట్‌లోకి దిగి, పెయింటే పాడయిందేమో అనిపిస్తుంది. రెండోది కాణిపాకంలో వాహన పూజ. పూజ చేయించండి, నేనూ చేయించా, కానీ తెల్ల బండి బానెట్ మీద తడి కుంకుమని ఎండలో ఆరనిచ్చి, తర్వాత పొడి గుడ్డతో గీకితే మరకకు తోడు గీతలు కూడా పడతాయి. నీళ్లు పోసి నానబెట్టి తీయాలి. తెల్ల బండ్ల మీద కాషాయం చుక్కలు కనిపిస్తే బాడీ తుప్పు పట్టిందని కంగారు పడకండి, రైల్లో, యార్డుల్లో పడిన ఇనుప రజను అయ్యుండొచ్చు. ఐరన్ రిమూవర్ కొడితే ఊదా రంగుకి తిరిగి కారిపోతుంది.

మీటర్ ఎలా నిలబడిందంటే, పర్వాలేదు. మన మే నెల ఎండలో కాలే బానెట్ మీద పెడితే అంకెలు అటూ ఇటూ అవుతాయి, పొద్దున్నే చూడటం మేలు. కూడా ఇచ్చే ఇనుప ముక్క మీద ప్రతిసారీ జీరో చేసుకోవాలి. రీడింగ్ సరిచూసుకోవడానికి దాంతో వచ్చిన ప్లాస్టిక్ ఫాయిల్ మడతలు పడి పనికిరాకుండా పోయింది. అంచుల దగ్గర, బాగా వంపున్న చోట రీడింగ్ నమ్మలేం. పీపీఎఫ్ (పెయింట్‌కి గీతలు పడకుండా అంటించే పారదర్శక ఫిల్మ్) వేసిన బండికి ఆ ఫిల్మ్ మందం కూడా కలిపి చూపిస్తుంది, అమ్మేవాణ్ణి తిట్టే ముందు అది అడగండి.

సొంత బండి ఒక్కదానికే అయితే కొనక్కర్లేదు, ఎవరిదైనా అడిగి తెచ్చుకోండి. రిజిస్ట్రేషన్‌కి ముందు, బండి ఇంకా యార్డులో ఉండగానే చూసుకోవాలి, నంబర్ పడ్డాక వేరే బండి అడిగితే ఎవరూ ఇవ్వరు. కొలిచే ముందు ఆ ప్యానెల్ కడిగించండి. దుమ్ము మీద మొనని జరుపుతూ పోతే లేని గీతలు మీరే పెట్టినవాళ్లవుతారు, ఒక చోట పెట్టి, ఎత్తి, ఇంకో చోట పెట్టాలి.