దివాలా తీసిన ఫ్యాక్టరీకి సేఫ్ షట్‌డౌన్ సర్వీస్: పని బాగుంది, ఒక్కటి తప్ప

మూతపడ్డ ప్లాంట్లను చేతిలోకి తీసుకునే లిక్విడేటర్ల (దివాలా కంపెనీ ఆస్తులు అమ్మి అప్పులు తీర్చేవాళ్ల) కోసం, ప్లాంటును ప్రమాదం లేకుండా మూసిపెట్టే సర్వీస్ ఇది. కంపెనీ దగ్గర డబ్బు అయిపోయినా ట్యాంకుల్లో సరుకు అలాగే ఉంటుంది. తాళాలు ఎవరి చేతికొస్తే భద్రత బాధ్యతా వాళ్లదే. ఈ టీమ్‌కి ఆ సంగతి బాగా తెలుసు.

వస్తూనే కరెంటు బిల్లు అడుగుతారు. అడగాల్సిందే. బకాయి పడి సప్లై పోతే ఫైర్ పంపు, అలారం, ట్యాంకుల్ని చల్లబరిచే చిల్లర్ మెషిన్ ఒకేసారి ఆగిపోవచ్చు. స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం) ట్యాంకు ఉంటే అదే పెద్ద గండం. చల్లదనం పోయి, ఇన్హిబిటర్ (ఆ రసాయన చర్యను ఆపి ఉంచే మందు) అడుగంటితే స్టైరీన్ తనంతట తానే పాలిమర్‌గా, అంటే గట్టి ప్లాస్టిక్‌గా మారుతూ ఇంకా వేడెక్కుతుంది. అందుకే ఉష్ణోగ్రత, ఇన్హిబిటర్ మోతాదు రాయడానికి వేరే రిజిస్టరే పెడతారు. ట్యాంకులోకి మనిషిని దించేముందు ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గలేదని, మండే ఆవిర్లు లేవని మీటరుతో చూశాకే పర్మిట్ ఇస్తారు. గ్యాస్ సిలిండర్లు సప్లయర్‌కి వెనక్కి, లేబుల్ లేని డ్రమ్ములు విడిగా.

లోటు ఒక్కటే, కానీ చిన్నది కాదు. పాత ఆపరేటర్లు వెళ్లిపోయాక పని మొదలెడతారు. ఏ వాల్వు మూసినా కారుతుందో, ఏ గేజి తప్పు చూపిస్తుందో తెలిసింది వాళ్లకే. జీతాలు ఎగ్గొట్టి పంపేసి, మళ్లీ వచ్చి చెప్పమనడం అన్యాయం. కనీసం ఇద్దరిని జీతమిచ్చి ఉంచుకునేలా కాంట్రాక్టులోనే రాయించుకోండి.