రివాల్వర్ సైటు: ఆకురాయా, స్క్రూనా, కళ్ళజోడా?

"బావా, గుండ్లన్నీ కిందికే పోతున్నాయి. ముందు సైటు కాస్త రుద్దించమంటావా, లేక వెనక స్క్రూతో తిప్పుకునే సైటు పెట్టించమంటావా?" పోయిన వారం నెల్లూరు నుంచి మా బావ తన రివాల్వర్ గురించి ఫోను చేసి అడిగిన మాట ఇది. సైటు అంటే గురి చూసుకోవడానికి రివాల్వర్ మీద ముందొకటి, వెనకొకటి ఉండే గుర్తు. చీమకుర్తి క్వారీల వాళ్ళు, రొయ్యల వ్యాపారులు, ఒంగోలులో నాకు తెలిసిన లైసెన్సుదారులు ఎవరు కలిసినా చివరికి వచ్చేది ఇక్కడికే. విడివిడిగా చెప్పి అలసిపోయాను కాబట్టి ఒకసారి రాసి పెడుతున్నాను.

మన దగ్గర ఎక్కువగా కనిపించేది కాన్పూర్ ఫ్యాక్టరీ పాయింట్ 32 రివాల్వరే. ముందు సైటు అంటే బ్యారెల్ (గుండు బయటికి వచ్చే గొట్టం) కొసన నిలబెట్టిన ఒక ముక్క, వెనక సైటు అంటే సిలిండర్ (తూటాలు పెట్టే చక్రం) మీది పట్టీలో ఒక గాడి. తిప్పడానికి, జరపడానికి అందులో ఏమీ లేదు. అందుకే అందరి చూపూ ఆకురాయి మీద పడుతుంది. ముందు సైటు ఎత్తు తగ్గితే గుండు పైకి పోతుంది, పెరిగితే కిందికి దిగుతుంది. వెనక సైటుది దీనికి తిరగేసిన లెక్క: గుండు ఎటు పోవాలో దాన్ని అటే జరపాలి. ఈ రెండింటినీ తారుమారు చేసుకున్నవాళ్ళను చాలామందిని చూశాను.

రుద్దడం చవక, పైగా ఒక పూట పని. లెక్క కూడా చిన్నదే. గుండు ఎంత తప్పిందో దాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి, గురిపెట్టే కాగితం ఉన్న దూరంతో భాగించాలి. సైట్ల మధ్య 110 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. పది మీటర్లలో ఆరు సెంటీమీటర్లు కిందికి పడుతుంటే తీయవలసిన ఇనుము 0.66 మిల్లీమీటర్లు. ఏటీఎం కార్డు మందం 0.76. అంటే కార్డు మందం కన్నా తక్కువ తీస్తే గుండు ఆరు సెంటీమీటర్లు లేస్తుందన్నమాట. ఆకురాయి పట్టినవాడు ఇంకో నాలుగు సార్లు ఎక్కువ లాగితే ఏమవుతుందో ఊహించుకోండి. రుద్దిన ఇనుము తిరిగి రాదు. గుండు పైకి పోతున్నవాడికైతే ఆకురాయితో పనే లేదు, అతనికి ఎత్తు పెంచాలి.

నా మట్టుకు తేల్చే విషయం ఇదే: చేసిన పనిని వెనక్కి తీసుకోగలమా, లేదా? ఎందుకంటే ఆ తప్పు నేనే చేశాను.

నా రివాల్వర్ కూడా కిందికే కొట్టేది, కొంచెం ఎడమకు కూడా. ఒక దుకాణంలో రుద్దించాను. సరిగ్గా మధ్యకు వచ్చింది, పొంగిపోయాను. ఏడాది తర్వాత రేంజిలో కాల్చడం నేర్పే ఒక రిటైర్డ్ ఉస్తాద్ నా చేతిలోంచి రివాల్వర్ తీసుకుని, నాకు కనిపించకుండా సిలిండర్‌లో నాలుగు తూటాలు, మధ్యలో రెండు కాల్చేసిన ఖాళీ కేసులు (తూటా తొడుగులు) పెట్టి ఇచ్చారు. ఖాళీ కేసు మీద సుత్తి పడినప్పుడు బ్యారెల్ కదలకూడదు కదా. నాది నేలకు దణ్ణం పెట్టింది. పేలుతుందన్న బెదురుతో నేనే ముందుగా మణికట్టు విరిచి కిందికి నొక్కుతున్నాను! కుడిచేతివాటం వాళ్ళ గుండ్లు కింద ఎడమవైపు గుంపు కడితే మొదట అనుమానించవలసింది చేతినే, సైటును కాదు. నాలుగు నెలల సాధనతో బెదురు పోయింది. గుండు లేచి అరచేతి వెడల్పంత పైకి వెళ్ళి కూర్చుంది. ఇప్పటికీ నేను నల్ల వృత్తం కింద తెల్లకాగితం మీద గురిపెట్టి కాలుస్తాను.

కాబట్టి రుద్దించేముందు ఇసుక సంచి మీద ఆనించి అయిదేసి గుండ్లు మూడు కాగితాల మీద కాల్చండి. చెల్లాచెదురుగా పడితే సైటుకు సంబంధం లేదు. గుంపుగా ఒకే పక్కకు పడితే, చెయ్యి తిరిగినవాడితో అదే రివాల్వర్, అదే తూటా కాల్పించి చూడండి. అతనికీ అక్కడే పడితే అప్పుడు సైటు మాట. తూటా మార్చినా ఎత్తు మారుతుంది. బరువైన, నెమ్మదైన గుండు బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది, ఈలోగా మూతి లేస్తుంది, దగ్గర దూరంలో అది పైకే తగులుతుంది. లైసెన్సులో రాసిన సంఖ్యకు మించి తూటాలు కొనలేం కాబట్టి ఈ పరీక్షకు ముందే కొన్ని మిగుల్చుకోండి.

ఇక స్క్రూ సైటు. పోటీలకు వెళ్ళేవాళ్ళకు మరో మాట లేకుండా అదే మేలు. పాతిక మీటర్ల సెంటర్ ఫైర్ (తూటా అడుగున నడిమధ్య దెబ్బ తగిలి పేలే రకం) పోటీలో తూటా మారితే రెండు క్లిక్కులు తిప్పుకుంటారు, నచ్చకపోతే వెనక్కి తిప్పుతారు. అది పుట్టుకతో ఉన్న ఆయుధం కొనుక్కోవడం వేరు, మన గాడి రివాల్వర్‌కు తగిలించడం వేరు. పై పట్టీలో ఇనుము చెక్కాలి. సిలిండర్ నెత్తిన ఉండే ఎముక అది, దాన్ని పలచన చేయడం నాకు ఇష్టం లేదు. దుకాణానికి ఆయుధాల చట్టం కింద మరమ్మతు లైసెన్సు ఉందో లేదో చూసుకోవాలి, వీధి చివర లేత్ మెషిన్ దగ్గరికి పరుగెత్తకూడదు. కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి ఆ చిన్న స్క్రూలు, స్ప్రింగులు తుప్పు పడతాయి. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పగించిన ఆయుధం తిరిగి వచ్చాక సైటు ఎక్కడుందో మళ్ళీ కాల్చి చూసుకోవాలి. గాడికి ఆ బెంగ లేదు.

లేజర్లు, ఎర్రచుక్క అద్దాలు అడిగేవారూ ఉన్నారు. ఇంట్లో బీరువాలో ఉండే రివాల్వర్‌కు బ్యాటరీ చూసుకునే ఓపిక మీకుంటే సరే. ముందు సైటుకు తెల్ల గోళ్ళరంగు చుక్క పెట్టడం దానికన్నా నయం, నచ్చకపోతే తుడిచేయవచ్చు.

ఎవరూ అడగనిది కళ్ళ సంగతి. నలభై అయిదు దాటినవాళ్ళకు ముందు సైటు అంచు మసకబారుతుంది. చదువుకునే కళ్ళజోడు జానెడున్నర దూరానికి ఇచ్చింది, సైటు ఉండేది చేయి చాచినంత దూరంలో. బైఫోకల్ వాళ్ళు గడ్డం పైకెత్తి చూస్తారు, దాంతో మెడా చెయ్యీ రెండూ పాడు. ఖాళీ రివాల్వర్ అని మూడుసార్లు చూసుకుని, చెయ్యి చాచి, కంటి నుంచి సైటు దాకా ఎంతుందో ఇంకొకరితో దారం కొలిపించి, ఆ దూరానికి అద్దం అడగండి. దారం మాత్రమే తీసుకెళ్ళండి. రివాల్వర్‌తో కళ్ళజోళ్ళ దుకాణంలోకి వెళ్ళి అక్కడివాళ్ళను బెంబేలెత్తించవద్దు.

బావకు యాభై ఎనిమిది. "మొదట కళ్ళు, తర్వాత ఖాళీ కేసుల పరీక్ష, అప్పటికీ కిందికే పడితే లైసెన్సున్న చోట రుద్దించు, అదీ సగమే తీయించి కాల్చి చూసి మిగతా సగం" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. నిన్న ఫోను చేసి, ట్రంకు రోడ్డులో అద్దాలకు కొలత ఇచ్చి వచ్చానని, దారం అరవై ఎనిమిది సెంటీమీటర్లు వచ్చిందని చెప్పాడు. ఆకురాయి ఊసెత్తలేదు.