పెద్దవాళ్లతో కొండరైలు ప్రయాణం: పళని, పెనాంగ్, హాంకాంగ్, స్టూస్

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను వెంటబెట్టుకొని కొండలకు వెళ్లేవారికి ఫ్యూనిక్యులర్ రైలు, అంటే ఉక్కుతాడుతో లాగే కొండరైలు, నిజంగా వరం. అయితే ఏ రైలు ఎంత నిటారుగా ఎక్కుతుంది, ఎంత వేగంగా పోతుంది అన్న వివరాలు ప్రచారపత్రాల్లోనే దొరుకుతాయి గానీ, టికెట్ కొన్నాక ఎంతసేపు నిలబడాలి, ఎక్కేచోట మెట్లున్నాయా, పైన కాసేపు కూర్చోవడానికి నీడ ఉందా అన్న సంగతులు వెళ్లొచ్చినవాళ్లే చెప్పాలి. అనంతపురం నుంచి ఎక్కువగా మా అమ్మతో కలిసి వేర్వేరు సంవత్సరాల్లో చూసిన కొండరైళ్లను ఆ లెక్కతోనే ఇక్కడ బేరీజు వేస్తున్నాను.

మనకు అందుబాటులో ఉన్నది పళని. బెంగళూరు, దిండిగల్ మీదుగా చేరుకోవచ్చు. దండాయుధపాణి స్వామి కొండకు దాదాపు 700 మెట్లున్నాయి. ఎక్కలేనివారి కోసం దేవస్థానమే వించ్ నడుపుతోంది. ఇక్కడి కొండరైలును అలాగే పిలుస్తారు. రోప్‌వే కూడా ఉంది గానీ గాలి జోరుగా ఉన్నప్పుడు దాన్ని ఆపేస్తారు కాబట్టి, పెద్దవాళ్లతో వెళ్లేవారు వించ్‌నే నమ్ముకోవడం మేలు. తైపూసం, పంగుని ఉత్తరం వంటి పర్వదినాల్లో మాత్రం వించ్ వరుసలో నిలబడటం కంటే ప్రయాణాన్ని వాయిదా వేసుకోవడమే మంచిది. మామూలు రోజున, తెల్లవారుతూనే వెళితే దర్శనం కూడా హాయిగా అవుతుంది. బస విషయంలో ఒక మాట చెప్పాలి. మేము దిగిన లాడ్జిలో గది ఇచ్చింది మూడో అంతస్తులో, లిఫ్టేమో పనిచేయలేదు. కొండ మెట్లు తప్పించుకొన్న అమ్మ లాడ్జి మెట్లు ఎక్కవలసి వచ్చింది. గది తీసుకొనేటప్పుడే కింది అంతస్తు కావాలని గట్టిగా అడగండి.

నేను అన్నిటికంటే మెచ్చుకొన్నది మలేసియాలోని పెనాంగ్ కొండ రైలును. 1923లో మొదలైన ఈ రైలుమార్గం దాదాపు రెండు కిలోమీటర్ల పొడవుంటుంది. పూర్వం సగం దారిలో బండి మారి, అరగంట సేపు ప్రయాణించవలసి వచ్చేది. 2011లో కొత్త బండ్లు వచ్చాక, దిగకుండా పది నిమిషాల లోపే పైకి చేరుతున్నాం. బండిలో ఇంజిన్ ఉండదు. పైనున్న మోటారు ఉక్కుతాడును లాగుతుంది. తాడుకు ఆ కొసన ఒక బండి, ఈ కొసన ఒక బండి ఉంటాయి. గిలకబావిలో ఒక చేద దిగుతుంటే రెండోది పైకి వచ్చినట్లే, దిగే బండి బరువు ఎక్కే బండికి సాయపడుతుంది. అందుకే మోటారుకు పడే శ్రమ చాలా తక్కువ.

ఒకే పట్టాల దారిలో పైనుంచి ఎదురు వస్తున్న బండిని చూసి అమ్మ నా చేయి పట్టుకొని, "ఏం నాయనా, అది మన మీదికే వస్తాందే, గుద్దుకోవు గదా?" అని అడిగింది. సరిగ్గా సగం దారిలో పట్టాలు రెండుగా చీలి, రెండు బండ్లూ పక్కపక్కగా తప్పుకొని, పైన మళ్లీ ఒకే దారిగా కలిసిపోయాయి. స్విట్జర్లాండ్‌లోని గీస్‌బాఖ్ రైలుకు 1879లో కార్ల్ రోమన్ ఆప్ట్ అనే ఇంజనీరు అమర్చిన ఏర్పాటు ఇది. ప్రతి బండికీ ఒక పక్క చక్రాలకు రెండువైపులా అంచులుంటాయి, రెండో పక్క చక్రాలకు అంచే ఉండదు. అంచులున్న చక్రాలు తమవైపు పట్టాను వదలవు కాబట్టి, కదిలే భాగమేదీ లేకుండానే ప్రతి బండీ ఎప్పుడూ తన పక్కకే పోతుంది.

ఇక్కడి ప్లాట్‌ఫారం కూడా వాలుకు తగ్గట్టు మెట్లుగా ఉంటుంది. అందువల్ల పెద్దవాళ్లను దగ్గరలోని తలుపు వద్దే నిలబెట్టాలి గానీ, ముందు కిటికీ కోసం పైదాకా నడిపించకూడదు. కాస్త ఎక్కువ ధర పెట్టి తొందరగా ఎక్కించే టికెట్ తీసుకొంటే సెలవు రోజుల్లో ఆ డబ్బుకు పూర్తి న్యాయం జరుగుతుంది. పైన చల్లగా ఉంటుంది, సుబ్రహ్మణ్యస్వామి గుడి ఉంది, నడవలేనివారికి చిన్న బగ్గీలు దొరుకుతాయి. బస జార్జ్‌టౌన్‌లోని లిటిల్ ఇండియా దగ్గర పెట్టుకొంటే ఇడ్లీ, దోసెలకు లోటుండదు. అక్కడి నుంచి 204 నంబరు సిటీబస్సు కొండ అడుగు వరకు వెళుతుంది.

హాంకాంగ్ పీక్ ట్రామ్ 1888 నాటిది, మొదట ఆవిరితో నడిచింది. 2022లో వచ్చిన కొత్త బండి ఒకేసారి 210 మందిని ఎక్కించుకొంటుంది. ఏటవాలులో కూర్చొని చూస్తే పక్కనున్న ఆకాశహర్మ్యాలన్నీ కొండ మీదికి ఒరిగిపోతున్నట్లు కనిపించడం మరచిపోలేని అనుభవం. కానీ సాయంత్రపు దీపాల కోసం వచ్చే జనంతో వరుస పెద్దవాళ్ల ఓపికకు మించిపోతుంది. ఉదయాన్నే ట్రామ్‌లో పైకి వెళ్లి, తిరుగు ప్రయాణానికి 15 నంబరు బస్సు ఎక్కండి. డబ్బు ఆదా అవుతుంది, సీటూ దొరుకుతుంది. బసకు చిమ్ షా చుయ్ ప్రాంతం అనుకూలమే, భారతీయ భోజనశాలలున్నాయి, అయితే గదులు మరీ ఇరుకు.

స్విట్జర్లాండ్‌కు నేను, నా భార్య మాత్రమే వెళ్లాం. 2017 డిసెంబరులో ప్రారంభమైన స్టూస్ రైలు వాలు ఒకచోట 110 శాతం, అంటే 47 డిగ్రీలకు పైన. అయినా పీపాల్లాంటి గుండ్రటి పెట్టెలు వాలుకు తగ్గట్టు తిరుగుతూ నేలను ఎప్పుడూ సమంగా ఉంచుతాయి. కొన్ని నిమిషాల్లోనే 744 మీటర్లు ఎక్కుతున్నా నిలబడినవారు తూలరు. అమ్మకు అన్నిటికంటే సుఖంగా ఉండేది ఇదేనన్న బాధ నన్ను వదల్లేదు. గుత్తి కోటను రైలు కిటికీలోంచి చూడటమే తప్ప ఎక్కలేని పెద్దవాళ్లు మా జిల్లాలో ఎందరో ఉన్నారు. వారందరికీ ఇలాంటి పెట్టె ఒకటి ఉండాలని అక్కడ నిలబడి గట్టిగా అనుకొన్నాను. స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే టికెట్ వేరే కొనక్కరలేదు. లూసర్న్‌లో వంటగది ఉన్న గది తీసుకొని, ఇంటి నుంచి తెచ్చిన రాగిపిండితో సంగటి చేసుకోవడం వల్ల ఖర్చు అదుపులో ఉంది.

2025 సెప్టెంబరులో లిస్బన్‌లోని గ్లోరియా ఫ్యూనిక్యులర్ తాడు ఊడిపోయి 16 మంది మరణించినప్పటి నుంచి, ఇవి సురక్షితమేనా అని బంధువులు అడుగుతున్నారు. మరమ్మతుల కోసం రైలును ఆపిన రోజున విసుక్కోకూడదని మాత్రం నేను చెబుతాను. ఆ తనిఖీ మన ప్రాణాల కోసమే. బయలుదేరే ముందు మూసివేత తేదీలు చూసుకొంటే తిప్పట తప్పుతుంది.

మొదటిసారి విదేశానికి పెద్దవాళ్లను తీసుకువెళ్లేవారు పెనాంగ్‌నే ఎంచుకోండి. అనంతపురం నుంచి వెళ్లేవారికి దేవనహళ్లి విమానాశ్రయం బెంగళూరు ఊళ్లోకి పోకముందే హైవే మీదే వస్తుంది. అక్కడి నుంచి కౌలాలంపూర్ మీదుగా వెళ్లవచ్చు. చేరిన రోజే కొండ పెట్టుకోకుండా, ఒక రాత్రి విశ్రాంతి ఇచ్చి, మర్నాడు ఉదయం మొదటి బండ్లలోనే పైకి తీసుకువెళ్లండి.