నెట్‌లేబుల్: ప్యాకెట్ మీద చీటీ అంటించే కెర్నల్ సదుపాయం, నాలుగు నెలలు వాడాక

నేను సిస్టమ్ అడ్మిన్‌ని. హైదరాబాద్‌లో మా ఆఫీసు ల్యాబ్‌లో మూడు ఫెడోరా మెషీన్ల మీద నాలుగు నెలలుగా నెట్‌లేబుల్ నడుపుతున్నాను. లైనక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) ఇది 2006 నుంచీ, అంటే 2.6.19 వెర్షన్ నుంచీ ఉంది. అప్పట్లో హెచ్‌పీలో పనిచేసిన పాల్ మూర్ రాశారు. ఇన్నేళ్లుగా అందుబాటులో ఉన్నా మన అడ్మిన్లలో దీని పేరు విన్నవాళ్లే తక్కువ. అందుకే రాస్తున్నాను.

ఫైర్‌వాల్‌కి తెలిసింది అడ్రస్, పోర్టు. లోపలికి వచ్చే సమాచారం ఎంత రహస్యమైనదో దానికి తెలియదు. నెట్‌లేబుల్ ఆ సంగతిని ప్యాకెట్‌తో పాటే పంపిస్తుంది. ఆర్టీసీ కార్గోలో వేసిన పార్సిల్ మీద చీటీ అంటించినట్టు, ఐపీ హెడర్‌లోనే (ప్యాకెట్ ముందుండే అడ్రస్ భాగంలో) రహస్య స్థాయి రాసి పంపుతుంది. అవతలి కెర్నల్ ఆ చీటీ చదివి ఎస్‌ఈ లైనక్స్‌ని (ఏ ప్రాసెస్ దేన్ని ముట్టుకోవచ్చో తేల్చే కెర్నల్ భాగాన్ని) అడుగుతుంది: దీన్ని తీసుకునే హక్కు ఈ ప్రాసెస్‌కి ఉందా?

ఆ చీటీ రాసే పద్ధతి పేరు సిప్సో. 1992 నాటి ముసాయిదా అది, ఆర్‌ఎఫ్‌సీగా (ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా) ఎప్పుడూ రాలేదు. అయినా రహస్య స్థాయిల ప్రకారం సమాచారాన్ని వేరు చేసే పాత ట్రస్టెడ్ సిస్టమ్‌లు చాలావరకు ఆ భాషే మాట్లాడతాయి. చీటీని కళ్లారా చూడాలని ఒక సాయంత్రం, ప్యాకెట్లని బైట్లతో సహా చూపించే టీసీపీడంప్ పెట్టి కూర్చున్నాను. ఐపీ హెడర్ మొదటి బైట్ హెక్స్ లెక్కలో మామూలుగా 45 ఉంటుంది, ఆ రోజు 48 కనిపించింది. అంటే హెడర్ 20 బైట్ల నుంచి 32కి పెరిగింది. ఆ పెరిగిన 12 బైట్లలో మొదటిది 86, దశాంశంలో 134, సిప్సో ఆప్షన్ నంబరు. తర్వాత పొడవు చెప్పే బైట్. ఆపైన 00 00 00 10, అది నేను పెట్టిన డీఓఐ నంబరు 16 (చీటీని ఎలా చదవాలో రెండు వైపులా ఒప్పుకున్న గుర్తు). దాని వెనకాలే ట్యాగ్ అనే నాలుగు బైట్ల ముక్క, 01 04 00 03. చివరి 03 చూడగానే ఒళ్లు పులకరించింది. నేను ఎస్3 స్థాయిలో (నంబరు పెరిగితే రహస్యం పెరిగినట్టు) నడిపిన ప్రాసెస్ పంపిన ప్యాకెట్ అది! ఎస్1లో ఉన్న ప్రాసెస్‌కి అదే పంపిస్తే కెర్నల్ అక్కడికక్కడే పడేసింది. ఆడిట్ లాగ్‌లో పీర్, రెసీవ్ అని ఒక లైన్ పడింది. అప్లికేషన్‌లో ఒక్క అక్షరం మార్చలేదు.

ఇక ఇబ్బందులు. మొదటిది మాకు బాగానే చెమటలు పట్టించింది. డిఫాల్ట్ మ్యాపింగ్ (ఏ ట్రాఫిక్‌కి ఏ రకం లేబుల్, అంటే చీటీ, అని చెప్పే నియమం) తీసేసి, అడ్రస్‌ల వారీగా కొత్తవి పెట్టాలి. తీసేయడానికీ పెట్టడానికీ మధ్య మా జూనియర్ అబ్బాయి ఇంకో విండోలో పింగ్ కొట్టాడు. "మేడమ్, నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ అంటోంది. పింగ్‌కి ఫైలేంటి?" అన్నాడు. నాకూ ఒక నిమిషం అర్థం కాలేదు. అసలు సంగతేమిటంటే, మ్యాపింగ్ లేకపోతే కొత్త ఐపీ సాకెట్ ఏదీ తెరుచుకోదు, చివరికి లోపలి 127.0.0.1కి కూడా. కెర్నల్ ఇచ్చే ఎర్రర్ కోడ్‌కి ఉన్న మామూలు అర్థం అదే కాబట్టి ఆ మాట కనిపిస్తుంది. అప్పటికే తెరిచి ఉన్న నా ఎస్‌ఎస్‌హెచ్ విండో తెగలేదు కాబట్టి బతికిపోయాం. అందులోంచే సరిచేశాను. 0.0.0.0/0కి (అంటే మిగతా అన్ని అడ్రస్‌లకీ) లేబుల్ లేకుండా, మా ల్యాబ్ సబ్‌నెట్‌కి సిప్సోతో అని రెండూ ఒకే స్క్రిప్టులో వెంటవెంటనే పెట్టుకోండి. ఐపీవీ6 (కొత్త తరం ఐపీ) వాడితే దానికీ ఒక ఎంట్రీ ఉండాలి.

ఒక మంచి ఏమిటంటే, ఈ సెట్టింగ్‌లన్నీ కెర్నల్ మెమరీలోనే ఉంటాయి. మరీ చిక్కుకుపోతే రీబూట్ చేస్తే చాలు, మొదటికి వచ్చేస్తుంది. అన్నీ సరిగ్గా కుదిరాకే ఈటీసీ డైరెక్టరీలోని నెట్‌లేబుల్ రూల్స్ ఫైల్‌లో రాసి సర్వీస్‌ని ఎనేబుల్ చేయండి. ముందే చేశారంటే తప్పు కూడా ప్రతి బూట్‌కీ తిరిగొస్తుంది.

గతంలో సొలారిస్ 10 అనే యూనిక్స్‌లో ట్రస్టెడ్ ఎక్స్‌టెన్షన్స్ మీద పనిచేశాను. అక్కడ ఏ అడ్రస్‌కి ఏ టెంప్లేట్ అన్నది ఫైల్‌లో రాసి, కెర్నల్‌కి ఎక్కించే ముందు తప్పులు వెతికే టూల్ ఉండేది. ఇక్కడ అలాంటి తనిఖీ లేకపోవడం నాకు పెద్ద లోటు అనిపించింది. డాక్యుమెంటేషన్ కూడా చాలా పొడిపొడిగా ఉంది. కొత్తగా మొదలుపెట్టే పిల్లలు ఒక్క మ్యాన్ పేజీ పట్టుకుని దీన్ని నేర్చుకోలేరు, ఇది మార్చాల్సిందే.

రెండో ఇబ్బంది చోటు. ఐపీ ఆప్షన్లకి మొత్తం 40 బైట్లే. అందులో సిప్సో హెడర్‌కి 6, ట్యాగ్‌కి 4 పోతే మిగిలేది 30. అంటే ట్యాగ్ 1 రకంలో 240 కేటగిరీలు (స్థాయితో పాటు వేసే విభాగాల గుర్తులు, ఒక్కోటి ఒక్క బిట్) మాత్రమే. ఎస్‌ఈ లైనక్స్ ఇచ్చేవేమో 1024. సీ0 నుంచి సీ239 లోపలే ఉండేలా మొదటే ప్లాన్ చేసుకోండి. ట్యాగ్ 2, 5 కూడా జోడిస్తే, ఒకదాంట్లో పట్టనిది తర్వాతి దాంట్లో ప్రయత్నిస్తుంది. కానీ వాటికీ హద్దులున్నాయి. పైగా సిప్సో మోసుకెళ్లేది స్థాయి, కేటగిరీలే. ఎస్‌ఈ లైనక్స్ టైపు (ప్రాసెస్ ఏ రకమో చెప్పేది) దాంట్లో వెళ్లదు.

అన్నిటికంటే ముఖ్యమైనది: ఈ చీటీకి సీలు లేదు. దారిలో ఎవరైనా చించి వేరేది అంటించొచ్చు. ఐపీసెక్ (ఐపీ ప్యాకెట్లకి రక్షణ ఇచ్చే పద్ధతి) కలపాల్సిందే, అందులోనూ మార్పుల్ని పట్టే ఏహెచ్. ట్రాన్స్‌పోర్ట్ మోడ్‌లో, లోపలి సమాచారాన్ని దాచే ఈఎస్‌పీ ఒక్కటే పెడితే ఐపీ హెడర్ దాని రక్షణలోకి రాదు, చీటీ బయటే ఉండిపోతుంది. ఏహెచ్ మాత్రం సిప్సో ఆప్షన్‌ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఒక్క బైట్ మారినా పట్టేస్తుంది. దీన్ని వదిలేసి లేబుల్స్ పెట్టేశాం, సేఫ్ అనుకునేవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది.

మీ స్విచ్‌లూ రూటర్లూ మీ చేతిలో ఉంటేనే దీని జోలికి వెళ్లండి. ఐపీ ఆప్షన్లు ఉన్న ప్యాకెట్లని చాలా రూటర్లు పారేస్తాయి. మా బ్రాంచి ఆఫీసు వైపు మధ్యలో ఉన్న ఒక రూటర్ అదే పని చేసింది. రెండు రోజులు తప్పు నా పాలసీలోనే ఉందనుకుని వెతికాను. ఐపీవీ6లో ఇదే పనికి కాలిప్సో ఉంది. ఆర్‌ఎఫ్‌సీ 5570, 2009లో వచ్చింది, లైనక్స్‌లోకి 2016లో 4.8తో చేరింది. దాన్ని నేనింకా పెట్టలేదు.

నాకు రోజూ పనికొస్తున్నది మాత్రం ఒక చిన్న సదుపాయం. మా గుమ్మం దగ్గర వేలిముద్రల హాజరు మెషీన్ ఉంది. దానికి లేబుల్ అంటే ఏమిటో తెలియదు, నేర్పడమూ కుదరదు. దాని ఇంటర్‌ఫేస్, అడ్రస్ ఇచ్చి, అక్కడి నుంచి వచ్చే ప్రతి ప్యాకెట్‌నీ ఎస్0గానే చూడమని ఒక్క లైన్‌లో చెప్పాను. ఆ తర్వాత, లేబుల్ లేని మిగతా ట్రాఫిక్‌ని తీసుకోవద్దని ఇంకో లైన్. మరుసటి రోజు ఉదయం తొమ్మిదింటికి హాజరు ఎప్పటిలాగే పడింది. ఎవరో పక్క టేబుల్ దగ్గర తగిలించిన ల్యాప్‌టాప్‌కి మాత్రం సర్వర్ తలుపు తెరవలేదు.