హకోనే తోట: పదకొండేళ్లుగా వెళ్తున్నాక రాస్తున్న సమీక్ష

కాలిఫోర్నియాలో శాన్ హోసే దగ్గరి సారాటోగా ఊరి కొండవాలులో ఉన్న జపాన్ తరహా తోట హకోనేకి మొదటిసారి వెళ్లినప్పుడు నలభై నిమిషాల్లో చుట్టేసి బయటికొచ్చాం. "ఇంతేనా?" అన్నారు మావారు. నాకూ అలాగే అనిపించింది. అది పదకొండేళ్ల కిందటి మాట. ఇప్పుడు ఏటా సభ్యత్వం కడుతున్నాం, ఏడాదికి ఏడెనిమిది సార్లయినా వెళ్తాం. శాన్ హోసే, కూపర్టినో వైపు ఉండే మనవాళ్లు "పిల్లల్ని తీసుకెళ్లొచ్చా, పెద్దవాళ్లు నడవగలరా?" అని అడుగుతూనే ఉంటారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఇది 1915లో ఆలివర్, ఇసబెల్ స్టైన్ దంపతులు వేసవి విడిదికని కొన్న స్థలం. ఆ ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో జపాన్ విభాగం చూసి ముచ్చటపడి, ఇసబెల్ జపాన్ వెళ్లి వచ్చారు. అక్కడి హకోనే ప్రాంతం పేరే దీనికి పెట్టారు. చెరువుకి ఎగువన, కొండ మీద ఉన్న చంద్రుణ్ని చూసే ఇల్లు 1917 నాటిది. తర్వాత చేతులు మారింది. 1961లో ఆరు జంటలు కలిసి కొని బాగు చేయించాయి. 1966లో సారాటోగా నగరం కొనుక్కుంది. ఒక కుటుంబం విడిది అలా ఊరందరి పెరడయింది. అక్కడ జరిగే పండగల్లో నాకు నచ్చేది కూడా ఇదే, ఎవరూ అతిథుల్లా ఉండరు.

జపాన్ పండగ మత్సురి రోజున పెద్ద తైకో డోళ్లు మోగుతుంటే కొండ అదిరిపోతుంది. మావాడు నాలుగేళ్లప్పుడు ఆ శబ్దానికి భయపడి నా కుచ్చిళ్లు పట్టుకుని దాక్కున్నాడు, మరుసటేడు ముందు వరసలో కూర్చున్నాడు. ఒక ఏడాది మేం ఆలస్యంగా బయల్దేరాం. పార్కింగ్ చిన్నది, అప్పటికే నిండిపోయింది. కింద ఊళ్లో కారు పెట్టి, మోకాళ్ల నొప్పులున్న అమ్మని ఆ ఎత్తు రోడ్డు మీద నడిపించాల్సి వచ్చింది. పండగ రోజయితే గేటు తెరిచే వేళకే చేరుకోండి.

పైకి చేరాక అమ్మ అలసట మరిచిపోయింది, తేనీటి కార్యక్రమం చూసి. ఆతిథ్యం ఇచ్చే ఆవిడ చిన్న పట్టు గుడ్డని మడతపెట్టి, చెంచాని ఒకసారి, మళ్లీ ఒకసారి తుడిచింది. వేడినీళ్లు పోసి, వెదురు కుంచెతో టీ పొడిని గిలక్కొట్టింది. ఆకుపచ్చ నురగ వచ్చింది. గిన్నె చేతికిచ్చే ముందు దాన్ని కొంచెం తిప్పింది, దాని అందమైన వైపు మనకి కనిపించాలని. మనం తాగేటప్పుడు మళ్లీ పక్కకి తిప్పాలి, ఆ వైపుని పెదవులతో తాకకుండా. టీ కన్నా ముందు ఒక తీపి ముక్క పెట్టారు. అమ్మ నా చెవిలో, "చూడవే, చేదుకి ముందు నోరు తీపి చేస్తున్నారు. మర్యాద తెలిసినవాళ్లు" అంది. మా తెనాలి ఇంట్లో చుట్టాలకి మంచినీళ్లతో పాటు బెల్లం ముక్క పెట్టిన అమ్మ అది. ఆ మాట నేను మరచిపోలేదు.

పండగ లేని రోజున తోట వేరు. చెరువు గట్టున నిలబడితే రంగురంగుల కోయి చేపలు గుంపుగా వచ్చి నోళ్లు తెరుస్తాయి. వెదురు తోటకి 'కిజునా-ఎన్' అని పేరు. కిజునా అంటే మనుషుల్ని కలిపే బంధం. గాలి వీస్తే వెదురు ఒకదానికొకటి తగిలి కిర్రుమంటుంది. పిల్లల్ని రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబెట్టగలిగింది ఇదొక్కటే. రాళ్లూ గులకరాళ్లే తప్ప నీళ్లు లేని ఎండు తోట మాత్రం నాకు అర్థం కావడానికి నాలుగైదేళ్లు పట్టింది. ఇప్పుడు ముందుగా అక్కడికే వెళ్తాను.

మెట్లూ వాలూ ఎక్కువ కాబట్టి స్ట్రోలర్‌తో ఇబ్బందే, చంటిపిల్లల్ని ఎత్తుకోవాల్సిందే. పెద్దవాళ్లని పండగ రోజున కాకుండా మామూలు రోజు పొద్దున్నే తీసుకెళ్లండి, కింద చెరువు చుట్టూ తిరిగితే చాలు. చంద్రుణ్ని చూసే ఇంటి దాకా ఎక్కలేకపోయినా పరవాలేదు. ఊదా గుత్తుల విస్టీరియా పందిరి మాత్రం మార్చి చివరా ఏప్రిల్ మొదలూ చూసుకుని వెళ్లండి, కొద్ది రోజులే ఉంటుంది. దాని కింద కూర్చున్నప్పుడు అమ్మ పూలు కోయకుండా చెయ్యి చాచి గుత్తిని మెల్లగా తాకింది. తెనాలి వెళ్లిపోయినా ఇప్పటికీ ఆదివారం ఫోన్‌లో "పూసిందా?" అని అడుగుతుంది. ఈసారి మొగ్గ కనిపించిన రోజే ఫొటో పంపాను.