360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ గ్రూప్ రిపోర్టు: కొన్నాక చదివిన తీరు

హైదరాబాద్ శివార్లలోని ఒక మందుల తయారీ కర్మాగారంలో మానవ వనరుల విభాగంలో పనిచేస్తున్నాను. మా మేనేజర్ల కోసం కొనుగోలు చేసిన 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ సేవపై, ప్రత్యేకించి దానితోపాటు వచ్చిన గ్రూప్ రిపోర్టుపై ఈ సమీక్ష. ఇక్కడ చెప్పబోయే లోపాలు ఆ సేవ అందించిన ఒక్క సంస్థకే పరిమితమైనవి కావు కాబట్టి దాని పేరు రాయడం లేదు. ఒక్కో మేనేజరుకు పైఅధికారి, తోటి మేనేజర్లు, కింద పనిచేసేవారు 1 నుంచి 5 వరకు రేటింగ్ ఇస్తారు. మేనేజరు తనకు తానూ ఇచ్చుకుంటారు. వ్యక్తిగత నివేదిక ఆ మేనేజరుకు మాత్రమే అందుతుంది. అందరి ఫలితాలనూ కలిపిన గ్రూప్ రిపోర్టు మాత్రం యాజమాన్యం బల్ల మీదికి వెళ్తుంది, శిక్షణకు కేటాయించే డబ్బు ఎక్కడ ఖర్చు కావాలో అదే తేలుస్తుంది. అందువల్ల దాన్ని తప్పుగా చదివితే నష్టం ఒక్కరితో ఆగదు.

సేవ నిర్వహణ విషయంలో పెద్దగా ఫిర్యాదు లేదు. లింకులు సకాలంలో వచ్చాయి, ఫోనులో కూడా ఫారం సులువుగా తెరుచుకుంది. కనీసం ముగ్గురు స్పందించని వర్గం ఫలితాలను విడిగా చూపకూడదన్న నియమాన్ని, మావాళ్లే కొందరు ఒత్తిడి తెచ్చినా, ఆ సంస్థ సడలించలేదు. ఏ వర్గంలో ఎంతమందిని అడిగితే ఎంతమంది జవాబిచ్చారో మొదట్లోనే స్పష్టంగా ముద్రించింది.

చిక్కంతా ఆ తర్వాతి పేజీతోనే. 'ఐదు ప్రధాన బలాలు, మెరుగుపడవలసిన ఐదు అంశాలు' అన్న రంగుల పట్టిక అది. యాజమాన్య సమావేశంలో అందరూ చూసేదీ, గుర్తుపెట్టుకునేదీ దాన్నే. ఏ జాబితాను వరుసలో పేర్చినా అడుగున ఏదో ఒకటి ఉండి తీరుతుంది. మా పట్టికలో చాలా అంశాల సగటులు 4కు కాస్త అటూ ఇటూగా గుమిగూడి ఉన్నాయి, పక్కపక్క వరుసల మధ్య తేడా దశాంశ బిందువు తర్వాతి రెండో అంకెలో మాత్రమే కనిపిస్తుంది. అంత చిన్న తేడాకు ఒకదాన్ని ఆకుపచ్చ రంగులోనూ మరొకదాన్ని ఎరుపు రంగులోనూ చూపడం చదివేవారిని పక్కదారి పట్టించడమే. పైగా నిజాయితీ, సాంకేతిక పరిజ్ఞానం వంటివాటికి ఎక్కువ రేటింగ్, బాధ్యతలు అప్పగించడం, విభేదాలను పరిష్కరించడం వంటివాటికి తక్కువ రేటింగ్ రావడం చాలా సంస్థల్లో కనిపించే ధోరణే. మా దగ్గర అది మామూలు కంటే ఎక్కువగా ఉందా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబుగా 'అంతర్జాతీయ ప్రమాణం' అని ఒక అంకె పక్కన వేశారు గానీ, అది ఏ దేశాల, ఏ రంగాల, ఏ సంవత్సరాల ఉద్యోగుల నుంచి వచ్చిందో ఒక్క వాక్యం కూడా లేదు. పైవారికి తక్కువ రేటింగ్ ఇవ్వడానికి జంకే చోట వచ్చిన సగటును, జంకు లేని చోట వచ్చిన సగటుతో పోల్చి సంతోషపడటంలో అర్థం లేదు.

నన్ను ఎక్కువసేపు ఆపిన అంశం వేరు. 'పొరపాటు జరిగిందని చెప్పినప్పుడు ప్రశాంతంగా వింటారు' అన్న వాక్యానికి గ్రూపు సగటు 3.4. పట్టిక ప్రకారం అది మధ్యస్థం; ఆ సంస్థ కన్సల్టెంటు కూడా మేనేజర్లందరికీ వినే నైపుణ్యంపై శిక్షణ ఇప్పిద్దామని సూచించారు. అనుబంధంలో చిన్న అక్షరాల్లో ఉన్న రేటింగుల విభజన చూస్తే, 3 ఇచ్చినవారు చాలా కొద్దిమంది. ఒక గుంపు 4, 5 ఇచ్చింది, మరో గుంపు 1, 2 ఇచ్చింది. విభాగాలవారీగా విడదీయమని అడిగితే (దానికి వేరే రుసుము తీసుకున్నారు) తక్కువ రేటింగుల్లో అధికభాగం ప్రొడక్షన్ షిఫ్టుల నుంచే వచ్చినట్లు తేలింది. మందుల కర్మాగారంలో ఇది మర్యాదకు సంబంధించిన చిన్న విషయం కాదు. నిర్దేశిత పద్ధతికి భిన్నంగా ఏది జరిగినా ఆపరేటర్ దాన్ని డీవియేషన్‌గా నమోదు చేయాలి. తిట్లకు భయపడి నమోదు చేయకపోతే, అది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీలో బయటపడే రోజున నష్టం మొత్తం ప్లాంటుది. నెలాఖరు బ్యాచ్‌ల ఒత్తిడి ఏ షిఫ్టుల మీద పడుతోందో చూడవలసిన చోట, క్వాలిటీ విభాగం వారిని సైతం తరగతి గదిలో కూర్చోబెట్టడం వృథా ఖర్చు.

సగటును ఎలా కట్టారన్నది రిపోర్టులో ఎక్కడా లేదు. పన్నెండు మంది ఒక మేనేజరుకు తలా 3 ఇచ్చారని, ముగ్గురు మరో మేనేజరుకు తలా 5 ఇచ్చారని అనుకుందాం. పదిహేను రేటింగులనూ ఒకే కుప్పగా పోస్తే సగటు 3.4 వస్తుంది, ముందు ఒక్కో మేనేజరు సగటు కట్టి, తర్వాత ఆ రెండింటి సగటు తీస్తే 4.0 వస్తుంది. రెండూ సరైన లెక్కలే, కాని అవి జవాబిచ్చే ప్రశ్నలు వేరు. అడిగాక తెలిసింది, వారు మొదటి పద్ధతినే వాడారని. అంటే 'మా మేనేజర్లు' అన్న శీర్షిక కింద కనిపించినదంతా ప్రధానంగా పెద్ద జట్లున్న కొద్దిమంది మేనేజర్ల చిత్రమే.

స్వీయ రేటింగుకూ ఇతరుల రేటింగుకూ మధ్య తేడాను చూపిన పేజీ అంతకన్నా బలహీనం. సగం మంది తమను తాము ఒక పాయింటు ఎక్కువగా, మిగతా సగం మంది ఒక పాయింటు తక్కువగా అంచనా వేసుకుంటే గ్రూపు స్థాయిలో తేడా సున్నా అవుతుంది. ఆ సున్నాకు 'ఆత్మపరిశీలన ఉన్నతంగా ఉంది' అని వ్యాఖ్య రాయడం సాఫ్ట్‌వేర్ దానంతట అదే చేసిన పని కావచ్చు, కాని పంపేముందు ఒక మనిషి చదివి ఉండవలసింది.

ఇంత విమర్శ చేశాక గ్రూప్ రిపోర్టు ఎందుకు అని అడగవచ్చు. స్కల్లెన్, మౌంట్, గాఫ్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో, రేటింగుల్లోని హెచ్చుతగ్గుల్లో సగానికి పైగా రేటింగ్ ఇచ్చే వ్యక్తి సొంత ధోరణి నుంచే వస్తున్నట్లు తేలింది. ఒక్క మేనేజరు నివేదికలో ఆ ధోరణులు ఫలితాన్ని సులువుగా వంచేస్తాయి. ఎక్కువమందిని కలిపినప్పుడు అవి కొంతవరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ విధంగా గ్రూపు ఫలితం వ్యక్తిగత ఫలితం కన్నా నమ్మదగినది. అలాగే కాన్వే, హఫ్‌కట్ 1997లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, పైఅధికారి రేటింగుకూ కింది ఉద్యోగుల రేటింగుకూ మధ్య సహసంబంధం 0.22 మాత్రమే ఉంది (రెండూ పూర్తిగా కలిసి నడిస్తే అది 1, సంబంధమే లేకపోతే 0). కనుక ఈ రెండు వర్గాలు విభేదించడం పొరపాటు కాదు. మేనేజరు వారికి కనిపించే సందర్భాలే వేరు. మా రిపోర్టులో వర్గాలను పక్కపక్కన పెట్టిన పేజీలే అందుకే అన్నిటికన్నా విలువైనవిగా అనిపించాయి. వర్గాలన్నిటినీ కలిపేసిన 'అందరూ' అన్న వరుస లేకపోయినా నష్టమేమీ ఉండేది కాదు.

వ్యాఖ్యల విభాగం గురించి కూడా చెప్పాలి. ఇంగ్లీషులో రాసిన వ్యాఖ్యలను అంశాలవారీగా విభజించారు. తెలుగులో రాసినవన్నీ 'ఇతరములు' అన్న శీర్షిక కింద చివరకు చేరాయి. 'సారు మంచోరే గానీ, తప్పు జరిగితే అందరి ముందే అరుస్తారు' అన్న ధోరణిలో షిఫ్టు ఆపరేటర్లు రాసిన మాటలు అక్కడే ఉన్నాయి. పైన చెప్పిన 3.4కు అసలు వివరణ ఏ గ్రాఫులోనూ లేదు, ఆ వాక్యాల్లోనే ఉంది.

వచ్చే విడతకు ఇదే సంస్థతో కొనసాగుతున్నాం. అయితే కన్సల్టెంటు వివరణ సమావేశాన్ని వదులుకుని, ఆ డబ్బుతో పేర్లు తొలగించిన విడి రేటింగుల ఫైలును, విభాగాలవారీ విభజనను ఒప్పందంలో చేర్పించాం. తెలుగు ఫారం ఇస్తామన్నారు. తెలుగు వ్యాఖ్యల విశ్లేషణ మాత్రం తమవల్ల కాదన్నారు కాబట్టి, వాటిని మా విభాగంలోనే ఇద్దరం కూర్చుని చదువుతాం.